మా మామ క్లార్నెట్, మా మరిది రికార్డు

మొన్న పొద్దుగాల మా కోడలు సర్వపిండి చేసింది. చేసింది అనుడు కంటె, చేసుకుంట వీడియో తీసింది అంటె సరిపోతది. ఫోనును స్టాండుకు బిగించి, గిన్నె అడుగున పిండిని వేళ్లతోటి ఒత్తుకుంట "హాయ్ అండీ, బాగున్నారా" అని మొదలువెట్టింది. ఇంట్ల ఎన్నడూ ఎవరినీ అండీ అనని పిల్లకు, ఫోను ముందట నిలవడంగనే అంత మర్యాద ఏడికెల్లి వస్తదో నాకిప్పటికీ తెల్వది. సగం దాకా వచ్చినంక నువ్వుల సంగతి చెప్పుడు మర్చిపోయిన అని ఆపింది. మల్ల మొదలువెట్టింది. ఈసారి గల్లీల ఆటోవోడు హారన్ కొట్టిండు. ఇంకోసారి తీసేటాలకు పిండి మాడిన వాసన వచ్చింది. నేనేమో షుగర్ గోలీ ఏసుకొని ఆకలి మీద ఉన్న. "మొదాలు తీసిందే మంచిగున్నది గద బిడ్డా, గదే పెట్టు" అన్న. "దాంట్ల నా కొంగు సక్కగ లేదు అత్తమ్మా" అన్నది. గా మాటతోటి నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. పాపం, ఆ పిల్ల మీద కాదు. కొన్నేండ్ల కింద మా ఇంటి పైరూముల కూసుండి ఇదే మాటను ఇంకో తీరుగ అన్న మా మరిది మీద.

మా మరిది చానా ఏండ్లు హైదరాబాదుల ఒక రికార్డింగు స్టూడియోల పనిచేసిండు. మైకులు పెట్టుడు, వైర్లు చుట్టుడు కాడ మొదలై, ఆఖరుకు మిషన్ ముందట కూసునేదాకా వచ్చిండు. తెలంగాణ వచ్చినంక, మన పల్లెపాటలకు యూట్యూబుల గిరాకీ పెరిగిన రోజులల్ల, ఇగ ఎవని కిందనో ఎందుకు అని నల్లగొండకు వచ్చేసిండు. వచ్చిన నాడే నన్ను పైరూము అడిగిండు. అది నేను ఒడియాలు, మిరపకాయలు, చింతపండు పెట్టుకునే రూము. ఇయ్యనన్న. అప్పుడు ఆయన ఒక సంగతి చెప్పిండు. అమెరికాల ఒకాయన వాళ్ల అమ్మనాయినల ఇంట్ల ముందటి అర్రలనే మైకులు పెట్టి రికార్డులు చేసేటోడట. జాజు అని వాళ్ల దిక్కు ఒక తీరు సంగీతమట, ప్రపంచంల పేరున్న జాజు రికార్డులు ఎన్నో ఆ అర్రల పుట్టినయట. "ఆ తల్లి ఇయ్యకపోతే గా సంగీతమే లేకపోవు వదినా" అన్నడు. నేనేదో ప్రపంచానికి అడ్డం పడుతున్నట్టు అనిపించింది. నా మిరపకాయలు మెట్ల కిందికి వచ్చినయి.

రూము గోడలకు పరుపుల దూది, కోడిగుడ్ల అట్టలు అంటిచ్చిండు. కిటికీ మూసి దాని మీద కంబలి కొట్టిండు. ఆనాటి నుంచి ఇంట్ల నా బతుకు మారిపోయింది. రికార్డింగు అయితున్నదంటె బోరు మోటరు ఎయ్యొద్దు, మిక్సీ పట్టొద్దు, కుక్కర్ పెట్టొద్దు, మెట్ల మీద చెప్పులతోటి నడవొద్దు. నేను పప్పు కడిగి పొయ్యి మీద పెట్టంగనే పైకెల్లి తలకాయ బయటపెట్టి "వదినా, ఒక్క నిమిషం" అనేటోడు. గా ఒక్క నిమిషం ఎంతసేపో నల్లగొండల నాకు తెలిసినంత ఇంకెవరికీ తెల్వది. పగటీలి బువ్వ పొద్దుమూకినంక తిన్న రోజులు లేకపోలేదు. మా ఇంటాయన స్కూలు నుంచి వచ్చి, బయట గేటు కాడనే చెప్పులిడిచి, దొంగోని లెక్క నడుచుకుంట లోపటికి వచ్చేటోడు.

పని లేనప్పుడు మా మరిది జాజు రికార్డులు పెట్టుకునేటోడు. ఆదివారంనాడు ఆబిడ్సుల ఫుట్‌పాతు మీద పాత పుస్తకాల నడుమ ఏరుకొచ్చిన నల్ల పళ్లాలు. అట్టలు చెదలు తిన్నయి, అంచులు తడిసి ఉబ్బినయి. ఒకదాని మీద ఒకాయన కండ్లు మూసుకొని ట్రంపెట్ ఊదుతుంటడు, సిగరెట్ పొగ ఆయన చుట్టు తిరుగుతుంటది. మొదట్ల నాకు ఆ సంగీతం మంది ఒకల మాట ఒకలు వినకుంట మాట్లాడినట్టు అనిపించేది. వినంగ వినంగ తెలిసింది, వాళ్లు వింటున్నరు, మనమే వింటలేము అని. చాయి కప్పు ఇయ్యనీకె పోయి గడప కాడ నిలవడేదాన్ని. మా మరిది చెప్పేటోడు: "వీళ్లు పొద్దుగాల వస్తరు వదినా. కొన్ని పాటలైతే అప్పటిదాకా ఒక్కసారి గూడ కలిసి ఊదినయి కావు. అందరు ఒక్క రూముల, ఒకల మొఖాలు ఒకలు చూసుకుంట నిలవడుతరు. ఊదుతరు. మహా అంటె రెండుసార్లు. పొద్దుమూకే వరకు రికార్డు తయారు, ఇంటికి పోయి అన్నం తింటరు. దిద్దుడు లేదు, అతుకులు లేవు. గందుకే ఇన్నేండ్లయినా బతికున్నయి." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొఖం ఎట్ల వెలిగేదో చెప్పలేను. నేను నమ్మిన. ఆయన గూడ నమ్మిండనే అనుకున్న.

ఇగ మా మామ సంగతి. మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. కొల్లాపూర్ల బ్యాండు మేళం నడిపేటోడు. ఎర్రకోటు, భుజాల మీద పసుపు జాలరు, చేతుల నల్ల క్లార్నెట్. ఆయన ఊదుతుంటె పెండ్లి ఊరేగింపుల ముసలోళ్లు గూడ నడక తప్పి అడుగులేసేటోళ్లు. సిన్మా పాట అందుకొని, దాన్ని సగంల ఇడిచిపెట్టి, మా అమ్మమ్మ నాట్లల్ల పాడిన పాటలకు దూరి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయి, అందరు మర్చిపోయినంక మొదటి పాటను తెచ్చి చేతుల పెట్టేటోడు. నేను చిన్నప్పుడు ఆయన తప్పిపోయిండనుకొని భయపడేదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తల, ట్రాలీల మీద డీజే డబ్బాలు వచ్చినయి. గుండెలదిరే చప్పుడు ముందట క్లార్నెట్ ఎవరికి ఇనవడుతది. మేళంల ఉన్నోళ్లు ఒక్కొక్కలు వేరే పనులకు పోయిండ్రు. ఆఖరుకు మామ, ఆయన దోస్తు ట్రంపెట్ ఊదేటోడు, ఆయన తోడల్లుడు సైడు డ్రమ్ము కొట్టేటోడు, ముగ్గురు మిగిలిండ్రు.

ఒకసారి మామ మమ్ములను చూడనీకె నల్లగొండకు వచ్చిండు. అన్నం తిన్నంక మా మరిది ఆయనను పైకి తీస్కపోయి ఒక జాజు రికార్డు పెట్టిండు. మామ నేల మీద సక్లంముక్లం పెట్టుకొని కూసున్నడు. నేను గూడ పోయిన. డ్రమ్ము మీద మెత్తగ, గీసినట్టు చప్పుడు వచ్చే జాగ వచ్చింది.

"గీయన చీపురుతోటి ఊడుస్తున్నడా ఏంది?" అన్నడు మామ.

"నిజంగనే చీపురు తీరు ఉంటది కాకా, సన్నటి తీగెలతోటి చేస్తరు" అన్నడు మా మరిది. మా మామ ఆయనకు వరుసకు కాక అయితడు.

"ఊపిరి తీసుకునుడు గూడ ఇనవస్తాంది" అన్నడు మామ. కొంచెం ఆగి, "అక్కడ గూడ పెండ్లిళ్లకు ఊదుతరా?" అని అడిగిండు. మా మరిది నవ్విండు గని, మామ నవ్వులాటకు అడగలే. ఊదే మనిషిని చూసి, ఈయనకు అన్నం ఎట్ల నడుస్తదో అని అడిగిండు. రికార్డు అయిపోయినంక మా మరిది అన్నడు, "కాకా, మనం గిట్లనే ఒకటి చేద్దాం. ముగ్గురు రాండ్రి. ఒక్కదినంల కొట్టేద్దాం." మామ తన చేతులను చూసుకుంట, "నేను పోయినంక గూడ ఉంటదా గది?" అన్నడు. "ఉంటది" అన్నడు మా మరిది.

వాళ్లు వచ్చిన దినం నాకు మంచిగ యాదికున్నది. కల్వకుర్తిల బస్సు మారి, దేవరకొండ మీదికెల్లి వచ్చిండ్రు. డ్రమ్మును బస్సు టాపు మీద ఎయ్యనియ్యక ఒడిల పెట్టుకొని కూసున్నడంట మామ తోడల్లుడు, కండక్టర్ తోటి లొల్లి పెట్టుకొని మరీ. నేను జొన్నరొట్టెలు, వంకాయ కూర చేసిన. తిన్నరు, కొంచెంసేపు నడుం వాల్చిండ్రు, లేచి పైకి పోయిండ్రు. మా మరిది ముగ్గురినీ దగ్గర దగ్గర నిలవెట్టిండు, మైకులు సదిరిండు. ఆ పగటీలి వాళ్లు ఐదు పాటలు ఊదిండ్రు. నేను కింద బియ్యం ఏరుకుంట కూసున్నదాన్ని, చాట పక్కకు పెట్టి మెట్ల మీదికి పోయి కూసున్న. తలుపు సందులకెల్లి వస్తున్న ఆ ఊదుడు ఎన్నో పెండ్లిళ్లల్ల విన్నదే, కని అప్పుడు నడుమ జనం మాటలు, పటాకులు ఉండేవి. ఇప్పుడు అవేమీ లేవు. ట్రంపెట్ ఒకటి అడుగుతుంటె క్లార్నెట్ జవాబు చెప్తున్నది, నడుమ డ్రమ్ము ఇద్దరినీ పట్టుకొని నడిపిస్తున్నది. మా మరిది తలుపు తీసి బయటికి వచ్చినప్పుడు ఆయన కండ్లల్ల నీళ్లున్నయి. "అయిపోయింది వదినా, రికార్డయిపోయింది" అన్నడు. వాళ్లు చాయి తాగి, ఆఖరి బస్సు అందుకోనీకె పోయిండ్రు.

అయిపోతే ఈ కథ రాసే పని నాకుండకపోవు. తెల్లారి మా మరిది చెవులకు హెడ్‌ఫోన్ డబ్బాలు పెట్టుకొని విన్నడు. మూడో పాటల ట్రంపెట్ కొంచెం ముందే అందుకున్నదట. నాలుగోదాంట్ల మామ క్లార్నెట్ ఒకచోట కీసుమన్నదట. రెండోదాంట్ల డ్రమ్ము జోరు పెరిగిందట. "పెద్దగ ఏంలేదు వదినా, ఇంకొక్కసారి వస్తే సాపైపోతది" అన్నడు. వాళ్లు మల్ల వచ్చిండ్రు. ఈసారి మొదటి రోజున్న జోరు లేదు, ఎక్కడ తప్పుతమో అన్న భయం మొఖాలల్ల కనపడ్డది. తప్పులు ఎక్కువే అయినయి. ఆ తర్వాత ఒక్కొక్కరిని పిలిచిండు. డ్రమ్మును ఒక్కదాన్నే కొట్టిచ్చిండు, చెవుల గడియారం లెక్క టిక్కుటిక్కుమంటుంటె. దాని మీద ట్రంపెట్. దాని మీద క్లార్నెట్. మామ చెవులకు ఆ డబ్బా పెట్టుకొని, కంబలి కొట్టిన కిటికీ దిక్కు మొఖం చేసి, ఒక్కడే నిలవడి ఊదిండు. రెండు ముక్కలు ఊది ఆపిండు.

"ఎవరితోటి ఊదాలె బిడ్డా నేను?" అని అడిగిండు.

"వాళ్లు చెవుల ఉన్నరు గద కాకా" అన్నడు మా మరిది.

"చెవుల ఉంటె నా దిక్కు చూడరు గద" అన్నడు మామ. అయినా ఊదిండు. చెప్పిన పని కాదనే మనిషి కాదు.

గట్ల ఒక ఎండకాలం పోయింది, వానకాలం పోయింది, మల్ల ఎండకాలం వచ్చింది. కొల్లాపూర్ నుంచి రానుపోను బస్సుల మామ నడుం పట్టేసేది. నడుమ ట్రంపెట్ ఊదే దోస్తు, ఇక్కడ పని లేక, పెండ్లాన్ని తీస్కొని పూనాకు కట్టడాల పనికి పోయిండు. పాలమూరు దిక్కు మందికి అది కొత్త తొవ్వ కాదు. ఇగ ముగ్గురు కలిసి ఊదే మాటే లేకపోయింది. మా మరిది ఫికర్ పడలే. ఉన్న ముక్కలను కోసి, అతికి, జరిపి, రాత్రీ పగలూ కంప్యూటర్ ముందట కూసున్నడు. ఒక్క ఊదుడును వెంట్రుకంత ముందుకు, వెంట్రుకంత వెనుకకు జరుపుకుంట మల్ల మల్ల వినేటోడు. కింద నాకు గూడ ఆ ముక్క వస్తనే ఉండేది. అంట్లు తోముతుంటె అదే, బట్టలు మడుస్తుంటె అదే. మామ ఊదిన పాట మీద నాకు విసుగు పుట్టిన రోజులున్నయి, ఆ సంగతి తలుచుకుంటె ఇప్పటికీ మా మరిది మీదనే మంటగ ఉంటది.

నాకున్న బాధ ఇంకొకటి. ఐదు పాటలే రికార్డయినయి. మామ కాడ ఇంకెన్నో ఉండె. దాంట్ల ఒకటి, పెండ్లిపిల్లను అత్తగారింటికి సాగనంపేటప్పుడు మాత్రమే ఊదేది. మాటలు లేని పాట. ఆయన గురువు కాడ నేర్సుకున్నది. నన్ను సాగనంపిన నాడు గూడ ఊదిండు, నేను కారుల తల దించుకొని విన్న. "అది పట్టురా నాయినా ముందు, గివన్నీ తర్వాత దిద్దుకోరాదా" అని మా మరిదికి ఎన్నిసార్లు చెప్పిన్నో. "మొదలు ఈ ఐదు పూరా కానీ వదినా. అది రెండో రికార్డుకు పెడదాం" అనేటోడు.

ఒకసారి వచ్చినప్పుడు మామ వంటింట్లకు వచ్చి, నా పక్కన పీట మీద కూసోని, మెల్లగ చెప్పిండు. పైవరస ముందటి పండ్లు కదులుతున్నయట. క్లార్నెట్ ఊదేటోళ్లు ఆ పండ్లను దాని మూతి మీద ఆనిస్తరు. దవాఖానల డాక్టర్ పీకేద్దాం అంటున్నడు, ఈ రికార్డు కోసమే ఆపుకుంటున్న అన్నడు. "నొస్తలేదా మామా?" అన్న. "ఊదేటప్పుడు తెల్వది బిడ్డా. ఊదినంక తెలుస్తది" అన్నడు. మా మరిదికి చెప్పొద్దు, పాపం పనిల ఉన్నడు అన్నడు. నేను మామ బస్సెక్కంగనే పైకి పోయి అంతా చెప్పిన.

"మొదటి దినం ఊదినయే పెట్టేయి" అన్న. "నువ్వే గద రోజూ చెప్తవు, ఒక్కదినంల కొట్టిండ్రు, దిద్దలే, గందుకే బతికున్నయి అని. మామ దగ్గరికి వచ్చేటాలకు ఎందుకు దిద్దుతున్నవు?"

మా మరిది చెవుల డబ్బాలు తీసి పక్కకు పెట్టిండు. "వాళ్లు తప్పు ఊదితే స్టైలు అంటరు వదినా" అన్నడు. "మనం తప్పు ఊదితే మోటు అంటరు. హైదరాబాదుల స్టూడియోవోళ్లు నా ముందటనే అన్నరు. మనోళ్లు పాడనీకె వస్తే, మాట మోటు, మేళం మోటు అని అద్దం ఇవతల కూసోని నవ్వేటోళ్లు. నేను మైకులు సదురుకుంట ఇనేటోన్ని. కాకను చూసి ఎవ్వలు నవ్వొద్దు. గంతే."

ఆ మాటల నిజమున్నది, ఆ నిజం ఎందుకూ పనికిరాకుంట ఉన్నది. "తొందరగ చేస్త" అన్నడు. తొందరగ అనే మాటను ఆయన ఏ అర్థంల వాడుతడో నాకు పప్పు పొయ్యి మీద పెట్టిన నాటి నుంచి ఎరుకే.

మామ పండ్లు అంతదాకా ఆగలే. ఒకనాడు దవడ వాచి జరమొస్తే నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోయిండ్రు. పైవరస ముందటివన్నీ పీకేసిండ్రు. మామ భార్య, మా అత్త, ఫోను చేసి చెప్తుంటె మా మరిది నా పక్కనే ఉన్నడు. పైకి పోయి తలుపేసుకున్నడు. తెల్లారి చిన్న రికార్డరు సంచిల ఏసుకొని, "వదినా, కొల్లాపూర్ పోదాం నడువు" అన్నడు. సాగనంపే పాట కోసం. ఇద్దరం పోయినం.

మామకు కొత్త పండ్ల సెట్టు పెట్టిండ్రు. మొఖం ఎవరిదో లెక్క ఉన్నది. మేము అడగకముందే పెట్టె తీసి క్లార్నెట్ జోడిచ్చిండు. ఊదిండు. పక్కలకెల్లి గాలి పోయింది, సెట్టు జారింది, పాట రాలే. సెట్టు తీసి పక్కకు పెట్టి ఉత్త చిగుళ్లతోటి ఊదిండు. ఒక్క స్వరం నిలవడ్డది, రెండోది వణికింది, ఆగిపోయింది. "నోటితోటి అను కాకా, నేను పట్టుకుంట" అన్నడు మా మరిది. మామ కూనిరాగం తీసిండు. రెండు వరుసలు వచ్చినంక ఆగిండు. "మిగిలింది వేళ్లకు తెలుసు బిడ్డా. నోటికి తెల్వది" అన్నడు. ఉత్త క్లార్నెట్ పట్టుకొని వేళ్లు ఆడిచ్చి చూపెట్టిండు. మా మరిది ఆ వేళ్లను ఫోనుల వీడియో తీసుకున్నడు. తర్వాత ఎందరో ఊదేటోళ్లకు చూపెట్టిండు. వేళ్లను చూస్తే సగమే తెలుస్తది, ఊపిరి ఏడ ఆపిండో, ఏడ ఒత్తిండో తెల్వది అన్నరు అందరు.

ఇద్దరం తిరిగి వచ్చినం. అదే వారం మా మరిది, అన్ని రోజుల సంది అతికినవన్నీ పక్కకు పెట్టి, మొదటి దినం ఊదిన ఐదు పాటలను ఉన్నయి ఉన్నట్టు యూట్యూబుల పెట్టిండు. ఎవ్వరూ నవ్వలే. ప్రపంచం ఊగిపోయిందని గూడ చెప్పను. పెండ్లిళ్లల్ల మామ మేళం విన్నోళ్లు వెతుక్కోని విన్నరు, పూనా నుంచి ట్రంపెట్ ఆయన ఫోను చేసి, కూలి అడ్డా కాడ అందరికీ వినిపిచ్చిన అన్నడు. మామకు మా ఇంట్ల వినిపిచ్చినం. మూడో పాటల దోస్తు ముందే అందుకున్న జాగ రాంగనే మామ బోసినోటితోటి నవ్విండు. "గీనికి ఎప్పుడు తొందరే" అన్నడు. అన్నీ విన్నంక, "బాగనే ఊదినం" అని, "ఇంతకు ఇదెప్పటిది?" అని అడిగిండు. మా మరిది లేచి బయటికి పోయిండు.

ఇప్పుడు మా మరిది కాడికి రికార్డింగు నేర్సుకోనీకె పిల్లలు వస్తరు. వాళ్లకు జాజు రికార్డులు పెట్టి, ఒక్కదినంల చెయ్యాలె, దిద్దొద్దు అని చెప్తడు. మా మామ సంగతి గూడ చెప్తడు, నేను చాయి ఇస్తుంటె, నా దిక్కు చూడకుంట. వాళ్లు పోయినంక ఏదో పల్లెపాటను ముందట ఏసుకొని, తలుపేసుకొని, వారాలకు వారాలు కూసుంటడు. మామ కొల్లాపూర్ల బాగనే ఉన్నడు. అరుగు మీద కూసున్నప్పుడు ఆయన వేళ్లు మోకాలు మీద ఆడుతనే ఉంటయట, మా అత్త చెప్తది. ఎవరి మీదనో నాకింకా కోపం పోలే. మా మరిది మీద అనుకుంట గని, ఆయనకు గూడ తల నెరుస్తున్నది, ఇప్పుడు ఆయనను ఏమని ఏం లాభం. మామకు ఊపిరి, పండ్లు, దోస్తు, మా మరిదికి పైరూము, మైకులు, అన్నీ ఒక్క దగ్గర కూడిన కాలం ఒకటి మా ఇంట్లకు వచ్చి కూసున్నది, కని మా అందరికీ అది ఎప్పటికీ గట్లనే కూసోని ఉంటదనిపిచ్చింది.